పండగ అయ్యాక చెట్లలో మిగిలే దారం

సంక్రాంతికి హైదరాబాద్ డాబాల మీద 'అఫా!' అని కేక వినిపిస్తే ఎవరిదో పతంగి తెగిందని అర్థం. తెగిన పతంగి వెంట పిల్లలు పరుగెడతారు. దారం ఎటు పోయిందో మాత్రం ఎవరూ చూడరు. అది ఏ వేపకొమ్మకో, సెల్ టవర్‌కో, కరెంటు తీగకో చిక్కుకుని వేలాడుతూ ఉంటుంది. మర్నాడు తెల్లవారుతూనే మేతకు బయల్దేరిన పావురమో, పొద్దుగూకే వేళ గూటికి తిరిగొచ్చే కొంగో వచ్చి దానికి తగులుకుంటుంది.

ఈ గొడవంతా చైనా మాంజాతో, అంటే నైలాన్ పతంగి దారంతో మొదలైందని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. పేచ్‌లో, అంటే పతంగుల పోటీలో, అవతలివాడి దారం కోయడానికి నూలుదారానికి గాజుపొడి పట్టించడం ఎప్పటినుంచో ఉన్నదే. ఉడికించిన అన్నం ముద్దలో గాజుపొడి, రంగు కలుపుతారు. రెండు గుంజల మధ్య బిగించిన దారానికి దాన్ని చేత్తో పట్టిస్తూ అటూ ఇటూ నడుస్తారు. ఈ పనికి ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ పెట్టింది పేరు. పట్టించేవాళ్లు తమ వేళ్లు తెగకుండా గుడ్డపీలికలు చుట్టుకుంటారు. పక్షికి ఆ వీలు లేదు. కాకపోతే నూలు గట్టిగా లాగితే తెగేది, వానకు నానితే చివికిపోయేది.

నైలాన్ వచ్చాక ఆ రెండూ పోయాయి. చేపల గాలానికి కట్టే దారం లాంటిది కదా, సాగుతుందే తప్ప తెగదు, ఎండావానలకు అంత తొందరగా పాడవదు. సన్నగా ఉండటంతో కంటికి ఆనదు. పైగా చౌక. పేరుకు చైనాదే గానీ, చాలావరకు తయారయ్యేది మన ఫ్యాక్టరీల్లోనే. తప్పు పొరుగుదేశం మీదకు నెట్టేయడానికి ఆ పేరు మనకు బాగా పనికొచ్చింది.

పక్షి రెక్క ముందు అంచున, భుజం నుంచి మణికట్టు దాకా పలచటి చర్మం పొర ఉంటుంది. అది చిరిగితే పక్షి సరిగా ఎగరలేదు. మాంజా చాలాసార్లు కోసేది అక్కడే. పక్షి భయంతో కొట్టుకునేకొద్దీ దారం ఇంకా లోపలికి, కండరం దాకా, ఒక్కోసారి ఎముక దాకా దిగుతుంది. కాపాడదామని పరిగెత్తుకొచ్చినవాళ్లు ఆ దారాన్ని పట్టుకుని లాగితే గాయం రెట్టింపవుతుంది. దారాన్ని అటూ ఇటూ కత్తిరించి, పక్షిని గాలి ఆడే అట్టపెట్టెలో చీకటిగా ఉంచి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. ముక్కు తెరిచి నీళ్లు పోయకూడదు.

ఈ వైద్యానికీ ఒక చరిత్ర ఉంది. ఢిల్లీ చాందినీ చౌక్‌లో, ఎర్రకోట ఎదురుగా ఉన్న జైన మందిరం ఆవరణలో పక్షుల ఆసుపత్రి ఉంది. 1929లో మొదలైంది. పైసా తీసుకోకుండా వైద్యం చేస్తారు. అయితే అది శాకాహార నియమం పాటించే చోటు కాబట్టి, మాంసం తినే పక్షులను లోపల చేర్చుకుని ఉంచరు. ఢిల్లీలో పతంగుల జోరు ఆగస్టు 15కి. ఆ రోజుల్లో ఎక్కువగా దెబ్బతినేవాటిలో నల్ల గద్దలు ఉంటాయి. మరి వాటి గతి? సబ్బు డిస్పెన్సర్లు తయారుచేసుకునే నదీమ్, సౌద్ అనే అన్నదమ్ములు ఇలా చేర్చుకోని ఒక గద్దతోనే ఈ పనిలోకి వచ్చారు. ఇంటి బేస్‌మెంట్‌లోనే ఆపరేషన్లు చేస్తూ నేర్చుకున్నారు. వాళ్ల మీద తీసిన డాక్యుమెంటరీ 2023లో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది.

ప్రభుత్వం స్వయంగా ఈ పనిలోకి దిగింది గుజరాత్‌లో. అక్కడ ఉత్తరాయణ్ (మన సంక్రాంతే) అంటే ఊరు ఊరంతా మేడల మీదే ఉంటుంది. 2017 నుంచి ఏటా జనవరి 10 నుంచి 20 దాకా 'కరుణా అభియాన్' పేరుతో అటవీ శాఖ, పశుసంవర్ధక శాఖ, స్వచ్ఛంద సంస్థలు కలిసి శిబిరాలు పెడుతున్నాయి. పక్షులు తిరిగే పొద్దున, సాయంత్రం వేళల్లో పతంగులు ఎగరేయొద్దని చెబుతున్నాయి. నా దృష్టిలో వీటన్నిట్లో అసలు పనికొచ్చే మాట ఇదే. ఖర్చు లేదు, పండగా చెడదు.

ఇక చట్టం సంగతి. తెలంగాణలో నైలాన్, సింథటిక్ మాంజాను నిషేధిస్తూ జీవో వచ్చిన తేదీ 2016 జనవరి 13. ఆ ఏడాది సంక్రాంతి 15న. అంటే అప్పటికి దారం చుట్టే చరఖాలన్నీ నిండిపోయి ఉంటాయి! 2017 జనవరిలో ఢిల్లీ ప్రభుత్వం ఇంకో అడుగు ముందుకేసి, గాజు గానీ లోహం గానీ పట్టించని మామూలు నూలుదారాన్నే అనుమతించింది. అదే ఏడాది జులై 11న జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా సింథటిక్ మాంజాను నిషేధించింది.

అయినా హైదరాబాద్‌లో ధూల్‌పేట, గుల్జార్ హౌజ్ వైపు దుకాణాలపై దాడులు జరిగేది మాత్రం పండగ ముందే. ఏడాదంతా ఎవరికీ పట్టదు. 2024 జనవరిలో లంగర్‌హౌజ్ దగ్గర బైక్ మీద వెళ్తున్న సైనికుడొకరు మెడకు మాంజా తగిలి చనిపోయాక కొన్నాళ్లు హడావుడి నడిచింది. మనిషి గొంతు తెగితే గానీ దారం వార్త కాదు.

సిటీలో పక్షుల కోసం చెట్లెక్కేది ఎక్కువగా వాలంటీర్లే. యానిమల్ వారియర్స్ లాంటి సంస్థల కుర్రాళ్లు తాళ్లు కట్టుకుని కొమ్మల్లోకి వెళ్తారు. చిటారు కొమ్మకు తలకిందులుగా వేలాడే కాకి కోసం ఒక్కోసారి గంటలు పడుతుంది. పండగ మూడు రోజులే. దారం మాత్రం నెలల తరబడి అక్కడే ఉంటుంది. గద్దలు గూళ్లు కట్టుకునేదీ ఈ నెలల్లోనే. పుల్లలతోపాటు దొరికిన గుడ్డపీలికలూ, దారాలూ అన్నీ గూట్లోకి చేరతాయి. కళ్లు తెరిచిన పిల్లల కాళ్లకు అవే చుట్టుకుంటాయి.