పైలట్ శిక్షణ: ముందు మెడికల్, తర్వాతే ఫీజు

"సార్, ఫీజు కట్టేశాం. మెడికల్ ఎక్కడ చేయించాలి?" పైలట్ కావాలనుకునే పిల్లలకు గ్రౌండ్ క్లాసులు, అంటే విమానం ఎక్కకముందు చదవాల్సిన పాఠాలు, చెప్పే నాకు ఈ ఫోను వచ్చినప్పుడల్లా గుండె గుభేలుమంటుంది. అందుకే మిగతావాటికన్నా ముందు ఈ వైద్య పరీక్ష గురించే రాస్తున్నా. ఇందులో రెండు రకాలు: మొదట చేయించుకునే క్లాస్ 2, దానికన్నా కఠినమైన క్లాస్ 1.

అపోహ: క్లాస్ 2 మెడికల్ అయిపోయింది కదా, క్లాస్ 1 సంగతి చివర్లో చూసుకోవచ్చు.

వాస్తవం: క్లాస్ 2 ఉంటే స్టూడెంట్ పైలట్ లైసెన్సు వస్తుంది, సోలో, అంటే ఒంటరిగా, కూడా ఎగరొచ్చు. కానీ పైలట్‌గా ఉద్యోగం చేయడానికి కావాల్సిన సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు) చేతికి రావాలంటే క్లాస్ 1 ఉండి తీరాలి. అందులో ఆగిపోతే ఎగిరిన గంటలన్నీ లాగ్‌బుక్‌లోనే మిగిలిపోతాయి.

ఖమ్మం వైపు రైతు ఒకాయన పొలం అమ్మి కొడుకు ఫీజు మొదటి విడత కట్టాడు. "క్లాస్ 1 దేముంది, అదే అయిపోతుంది" అన్నాడట ఏజెంటు. తీరా రంగుల చూపు పరీక్షించే ఇషిహారా పుస్తకం తెరిస్తే ఆ అబ్బాయికి చుక్కల మధ్య అంకె కనబడలేదు. పేజీ తిప్పారు, అదీ కనబడలేదు. "మావాడికి పచ్చి మిరపకాయేదో, పండు మిరపకాయేదో తెలుసు కదండీ!" అని ఆ తండ్రి నన్నడిగాడు. ఏం చెప్పను? రంగుల లోపం ఉన్నవాళ్లలో చాలామందికి పరీక్ష చేసేదాకా ఆ సంగతే తెలియదు. రన్‌వే పక్కనుండి దిగే ఎత్తు సరిగా ఉందో లేదో చూపే పాపీ లైట్లు రెండు తెలుపు, రెండు ఎరుపు కనబడితే సరైన ఎత్తులో దిగుతున్నట్టు. నాలుగూ ఎర్రగా ఉంటే బాగా కిందికి వచ్చేసినట్టు. అది క్షణంలో పోల్చుకోవాలి, రాత్రిపూట కూడా. ఆయన కట్టిన డబ్బు మాత్రం వెనక్కి రాలేదు.

కాబట్టి ముందు డీజీసీఏ (మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ) ప్యానెల్ డాక్టరు దగ్గర క్లాస్ 2, డీజీసీఏ నుంచి ఫైల్ నంబరు రాగానే క్లాస్ 1. ఆ తర్వాతే ఫీజు. "సీట్లు అయిపోతున్నాయి" అని తొందరపెట్టేవాళ్ల మాట వినకండి.

భయపడేవాళ్లకు ఒక మాట. కళ్లద్దాలున్నంత మాత్రాన అనర్హులు కారు, అద్దాలతో చూపు 6/6 వస్తే చాలు. రిపోర్టులో తాత్కాలిక అన్‌ఫిట్ అని వచ్చిందని ఇల్లంతా ఏడవక్కర్లేదు. బరువు, బీపీ లాంటివి చాలావరకు సరిచేసుకుని మళ్లీ వెళ్లొచ్చు. పాత ఆపరేషన్లు మాత్రం దాచొద్దు, కాగితాలు వెంట తీసుకెళ్లండి.

ఇక మిగతావి. డిగ్రీ అక్కర్లేదు, ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉంటే సరిపోతుంది. బైపీసీ, కామర్స్ పిల్లలు లేని సబ్జెక్టులు ఓపెన్ స్కూల్లో రాసుకోవచ్చు. అమ్మాయిలకు కుదరదనే మాట ఇంకా వినబడుతోంది, విసుగొస్తోంది. మన దేశ పైలట్లలో మహిళల వాటా ప్రపంచ సగటుకన్నా చాలా ఎక్కువ. విదేశాల్లో నేర్చుకుంటే ఇక్కడి పరీక్షలు తప్పుతాయనుకోవద్దు, లైసెన్సు మార్పిడికి డీజీసీఏ పేపర్లు రాయాల్సిందే.

200 గంటలు పూర్తయితే ఉద్యోగం ఖాయమన్నదీ నిజం కాదు. ఆ గంటలు లైసెన్సుకు. ఎయిర్‌లైన్ పరీక్షలు, ఇంటర్వ్యూ వేరే. ఏ320 లాంటి విమానం నడపడానికి టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానానికే ప్రత్యేక శిక్షణ, వేరే, దానికీ లక్షలు కావాలి. అప్పు చేసేవాళ్లు ఆ ఖర్చునూ, ఉద్యోగం వచ్చేదాకా కట్టాల్సిన వాయిదాలనూ మొదటిరోజే లెక్కలో వేసుకోండి.

ఫీజు కూడా ఎగిరే గంటలను బట్టి విడతలుగా కట్టేలా మాట్లాడుకోండి. చేరే ముందు ఆ స్కూలుకు ఒక్కసారైనా స్వయంగా వెళ్లండి. ఎన్ని విమానాలున్నాయని అడిగి ఊరుకోకండి, మరమ్మతుకని హ్యాంగర్‌లో నిలబెట్టినవి తీసేస్తే ఈరోజు ఎగిరేవి ఎన్నో అడగండి. అక్కడి పిల్లలను పక్కకు పిలిచి నెలకు ఎన్ని గంటలు ఎగురుతున్నారో కనుక్కోండి.