కమ్యూనిటీ ప్రోగ్రామ్ అంటే సీహెచ్‌సీ కాదు: అమెరికా రెసిడెన్సీపై అపోహలు, వాస్తవాలు

అమెరికాలో ఎంబీబీఎస్ తర్వాత ఆసుపత్రిలో చేసే శిక్షణే రెసిడెన్సీ, దానికి సీట్లు కేటాయించే పద్ధతే మ్యాచ్. ప్రోగ్రామ్‌లని ఇష్టం కొద్దీ వరసపెట్టి దానికి ర్యాంక్ లిస్ట్ ఇచ్చే రోజుల్లో, ఇక్కడికి రావాలనుకునే మన డాక్టర్ పిల్లల నుంచి నాకు ఫోన్లు ఎక్కువవుతాయి. నేను ఇంటర్నల్ మెడిసిన్ చేసింది కమ్యూనిటీ ఆసుపత్రిలో. నా మాటల్లో ఆ పక్షపాతం కొంత ఉంటుంది, తీసేసి చదువుకోండి.

అపోహ: కమ్యూనిటీ అంటే రెండో రకం.

ఆ మాట వినగానే ఇంట్లో పెద్దవాళ్లకి మన దగ్గరి 30 పడకల సర్కారీ సీహెచ్‌సీ (కమ్యూనిటీ హెల్త్ సెంటర్) గుర్తొస్తుంది. ఇక్కడ దానికి అర్థం యూనివర్సిటీ సొంతం కాని ఆసుపత్రి, అంతే. వందల పడకలున్నవీ ఉన్నాయి. ప్రోగ్రామ్‌లకి గుర్తింపు ఇచ్చే సంస్థ అదే ఏసీజీఎంఈ, ఇంటర్నల్ మెడిసిన్ చదువు అదే మూడేళ్లు, చివర్లో స్పెషలిస్టు గుర్తింపుకి రాసేది అదే ఏబీఐఎం బోర్డు పరీక్ష.

అపోహ: పెద్ద సిటీ ఆసుపత్రిలోనే పని వస్తుంది.

ఏ పని? అవయవ మార్పిడి రోగుల్ని, అరుదైన జబ్బుల్ని చూడాలంటే పెద్ద యూనివర్సిటీ ఆసుపత్రికి సాటి లేదు. కానీ అక్కడ రోగికీ మీకూ మధ్య ఫెలో (రెసిడెన్సీ అయ్యాక సూపర్ స్పెషాలిటీ చేస్తున్న డాక్టర్) ఉంటాడు. ఐసీయూలో సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి పెట్టే గొట్టం) వేయాలంటే చాలాచోట్ల ముందు వరస అతనిదే. మా దగ్గర ఫెలోలు లేరు. ఇంటర్న్‌గా (అంటే రెసిడెన్సీ మొదటి ఏడాది) రెండో నెలలోనే, రాత్రి డ్యూటీలో, సీనియర్ పక్కన నిలబడి చూస్తుండగా లివర్ రోగి పొట్టలోంచి నీరు తీశాను. చేతులు వణికాయి. అదే రాత్రి వచ్చిన అంతుచిక్కని రక్త సమస్యని మాత్రం పెద్దాసుపత్రికి పంపేశాం. ఆ కేసు ఏమైందో నేను చూడలేదు. అలా చేజారినవి కూడా లెక్కలో వేసుకోవాలి.

పల్లె ప్రోగ్రామ్‌లు ఎక్కువగా ఫ్యామిలీ మెడిసిన్‌లో ఉంటాయి. చాలావాటిలో మొదటి ఏడాది సిటీలో, మిగతా రెండేళ్లు చిన్న ఊళ్లో. కారు నడపడం రాకుండా అటు వెళ్లకండి.

అపోహ: పల్లెలో రెసిడెన్సీ చేస్తే జే-1 వెయివర్ అయిపోయినట్టే.

కాదు. జే-1 అనే శిక్షణ వీసా మీద వచ్చినవాళ్లకి, చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు నుంచి మినహాయింపే వెయివర్. అది రావాలంటే మామూలుగా డాక్టర్ల కొరత ఉన్నచోట మూడేళ్లు ఉద్యోగం చేయాలి. రెసిడెన్సీ ఆ లెక్కలోకి రాదు. రాష్ట్రాల ద్వారా ఈ వెయివర్ ఇప్పించే కాన్‌రాడ్ పథకం కింద ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 30 వెయివర్లు. కొరత ప్రాంతాలు నగరాల్లోనూ ఉంటాయి. జే-1 బదులు హెచ్-1బి (ఉద్యోగ వీసా) కావాలంటే ఆ ప్రోగ్రామ్ ఇస్తుందో లేదో ముందే అడగండి. అప్పటికి అమెరికా లైసెన్స్ పరీక్షలో స్టెప్ 3 పాసై ఉండాలి.

అపోహ: కమ్యూనిటీలో చేరితే కార్డియాలజీ మర్చిపోవాల్సిందే.

కష్టమే, అబద్ధం చెప్పను. రీసెర్చ్, పేరున్న ప్రొఫెసర్ల సిఫారసు లేఖలు యూనివర్సిటీలో తేలిగ్గా దొరుకుతాయి. అయితే సొంత ఫెలోషిప్ ఉన్న కమ్యూనిటీ ఆసుపత్రులూ ఉన్నాయి (అక్కడ మళ్లీ లైన్ వేయడానికి ఫెలోనే ముందుంటాడు!). గత మూడేళ్లలో పాసైనవాళ్లు ఎక్కడ చేరారో, వాళ్లలో వీసా మీద ఉన్నవాళ్లు ఎందరో ఇంటర్వ్యూలో అడగండి. నసిగితే మీకే అర్థమవుతుంది.

అపోహ: నన్ను తీసుకునేలా ఉన్న ప్రోగ్రామ్‌నే పైన పెట్టాలి.

వద్దు. మ్యాచ్ లెక్క అభ్యర్థి ఇష్టం నుంచే మొదలవుతుంది. మొదటిది దక్కకపోయినంత మాత్రాన రెండోదాంట్లో మీ అవకాశం తగ్గదు.