బోరు పెంచాక ఆయిల్ ఎటు పోతోంది?

2023కు ముందటి పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350 ఇంజినులో పిస్టన్ కదిలే సిలిండరు లోపలి వ్యాసం, అంటే బోరు, 70 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం 90 మిల్లీమీటర్లు. 346 సీసీ అన్న లెక్క ఈ రెండు కొలతల నుంచే వచ్చింది. కదిలే దూరాన్ని అలాగే ఉంచి వ్యాసాన్ని 84కు పెంచితే 499 సీసీ, 87కు పెంచితే 535 సీసీ అవుతుంది; బుల్లెట్ 500లోనూ కాంటినెంటల్ జీటీ 535లోనూ ఆ కంపెనీ వాడిన కొలతలు ఇవే. అందుకే ఆ 350 బండి ఉన్నవారిలో కొందరు సిలిండరు కూర్చునే క్రాంక్‌కేసు (ఇంజిన్ అడుగు పెట్టె) నోటిని కోయించి పెద్ద సిలిండరు, పెద్ద పిస్టన్ వేయించుకుంటారు. ఇలా సీసీ మార్చితే ఆర్‌సీలో ఉన్న వివరానికీ బండికీ పొంతన ఉండదనీ, అది మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుందనీ ముందే తెలుసుకోవడం మంచిది. మార్పు తర్వాత బండి లాగుడు పెరిగిన మాట నిజమే. అయితే కొన్ని వందల కిలోమీటర్లు తిరిగేసరికి కొన్ని బండ్లలో ఆయిల్ మట్టం గుర్తు కన్నా కిందికి దిగిపోతుంది. నేల మీద చూస్తే చుక్క కారిన జాడ ఉండదు. ఇంజిన్ ఆయిల్ తాగుతోందని, పిస్టన్ చుట్టూ ఉండే రింగులు పోయాయని, మళ్లీ దించాల్సిందేనని అక్కడికక్కడే తీర్పు వెలువడుతుంది. ఆ తీర్పు ఒక్కోసారి సరైనదే కావచ్చు. కానీ ఇంజినులోంచి ఆయిల్ బయటపడడానికి రింగులు కాక మరో రెండు దారులున్నాయి. వాటిలో ఒకటి బోరు పెంచడం వల్లనే ఇరుకున పడుతుంది. ఏ దారిన పోతోందో తేల్చకుండా ఇంజిన్ విప్పితే డబ్బు ఖర్చవుతుంది, కారణం మాత్రం లోపలే ఉండిపోతుంది.

ముందు పోతున్నది ఎంతో లెక్కించి చూద్దాం. 84 మిల్లీమీటర్ల బోరు ఉన్న ఇంజిన్ వెయ్యి కిలోమీటర్లకు 200 మిల్లీలీటర్ల ఆయిల్ తాగిందనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఇంజిన్ నిమిషానికి 3,500 చుట్లు తిరుగుతోందనుకుంటే, నాలుగు స్ట్రోకుల ఇంజినులో రెండు చుట్లకు ఒక దహనం కాబట్టి, వెయ్యి కిలోమీటర్లలో 17.5 లక్షల దహనాలు జరుగుతాయి. 200 మిల్లీలీటర్లను వాటన్నింటికీ పంచితే ఒక్కో దహనం వాటాకు 0.11 ఘన మిల్లీమీటరు వస్తుంది. ఆ సిలిండరు గోడ వైశాల్యం సుమారు 23,750 చదరపు మిల్లీమీటర్లు. దాని మీద మిల్లీమీటరులో వెయ్యో వంతు, అంటే ఒక మైక్రాన్ మందాన ఆయిల్ పొర పరచాలన్నా దాదాపు 24 ఘన మిల్లీమీటర్లు కావాలి. కాబట్టి ప్రతి దహనంలో మాయమవుతున్నది ఆ పలుచని పొరలో అర శాతం కూడా కాదు. మిల్లీలీటరుకు 20 చుక్కల చొప్పున చూస్తే 15 సెకన్లకు ఒక చుక్క. సైలెన్సర్ వెనుక పొగ కనిపించకుండానే మట్టం దిగిపోవడంలో వింత ఏమీ లేదని, రింగుల పని ఎంత సూక్ష్మమైనదో కూడా ఈ లెక్క వల్లనే అర్థమవుతుంది.

కొలత తీసుకునే పద్ధతి సులభమే గానీ చాలామంది దానిని సరిగా పాటించరు. బండిని వేడెక్కించి, ఆపి, చదునైన నేల మీద మెయిన్ స్టాండు వేసి, ఆయిల్ కిందికి దిగడానికి ప్రతిసారీ ఒకే వ్యవధి ఇచ్చి అప్పుడు మట్టం చూడాలి. 300 కిలోమీటర్లు తిరిగాక అదే పద్ధతిలో మళ్లీ చూసి, పాత గుర్తు దాకా రావడానికి ఎంత పోయవలసి వచ్చిందో సిరంజితో కొలిచి రాసుకోవాలి. కొత్త బోరు, కొత్త రింగులు ఒకదానికొకటి అమరే దశలో కొంత ఆయిల్ పోవడం సహజం. అందువల్ల ఒక్క అంకెను చూసి కంగారు పడనక్కరలేదు. అంకెల వరుస ఎటు నడుస్తోందో చూడాలి. 300 కిలోమీటర్లకొకసారి తగ్గుతూ వస్తుంటే ఇంజిన్ దారికి వస్తున్నట్టే, తగ్గకుండా ఎక్కువగానే నిలిచిపోయినా పెరుగుతున్నా లోపం ఉన్నట్టే. మరో జాగ్రత్త కూడా అవసరం. బోరు పెంచాక పెట్రోలు మోతాదు మరీ ఎక్కువగా పెట్టి ఉంటే, కాలని పెట్రోలు సిలిండరు గోడ వెంట దిగి ఆయిల్‌లో కలుస్తుంది. అప్పుడు ఆయిల్ తగ్గుతున్నా మట్టం తగ్గినట్టు కనిపించదు. ఆయిల్‌లో పెట్రోలు వాసన వస్తుంటే ముందు ఆ మోతాదును సరిచేయాలి, ఆ తర్వాతే కొలతలు మొదలుపెట్టాలి.

మొదటి దారి రింగులు. పిస్టన్‌కు సాధారణంగా మూడు రింగులుంటాయి: పైది దహనపు ఒత్తిడిని ఆపుతుంది, మధ్యది ఆ పనిలో సాయపడుతూనే ఆయిల్‌ను కిందికి గీకుతుంది, కిందిది పూర్తిగా ఆయిల్ కోసమే ఉంటుంది. జాన్ రామ్స్‌బాటమ్ 1850లలో ఆవిరి ఇంజిన్ల కోసం రూపొందించిన చీలిక రింగు తన సొంత బిగువుతోనే గోడకు అదిమి నిలిచేది. నేటి పెట్రోలు ఇంజినులో పై రింగుకు ఆ సొంత బిగువు కొద్దిగానే ఉంటుంది. దహన వాయువు రింగు వెనుక గాడిలోకి చొరబడి దానిని గోడకేసి నొక్కుతుంది, అసలు బలం అదే. కొత్త బోరు వేయించాక వెయ్యి కిలోమీటర్ల దాకా థ్రాటిల్ తెరవకుండా మెల్లగా నడిపితే రింగులు అమరకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. ఒత్తిడి చాలకపోతే హోనింగ్ గీతల (సిలిండరు గోడ మీద రాతితో గీసే సన్నని గీతల) శిఖరాలను రింగు సరిగా అరగదీయలేదు. ఆ గీతల లోయలను మాడిన ఆయిల్ పూడ్చేసి గోడను అద్దంలా నున్నగా చేస్తుంది. అలా ఒకసారి నున్నబడిన గోడ మీద రింగులు తమంతట తాము అమరవు. అదుపు లేకుండా లాగించమని నేను చెప్పడం లేదు; ఇంజిన్ వేడెక్కాక మధ్యస్థ వేగంలో కాసేపు థ్రాటిల్ తెరిచి, వదిలి, మళ్లీ తెరుస్తూ నడపడం కొత్త రింగులకు మేలు చేస్తుంది.

రింగు కొసల మధ్య ఖాళీని రింగును సిలిండరులోనే పెట్టి ఫీలర్ గేజ్‌తో (సన్నని రేకుల కొలత పరికరంతో) కొలవాలి. మామూలు వాడకానికి బోరులో వెయ్యింట నాలుగు వంతులు అన్నది వాడుకలో ఉన్న లెక్క, అంటే 84 మిల్లీమీటర్లకు సుమారు 0.34 మిల్లీమీటరు, కిట్ తయారీదారు వేరే అంకె ఇస్తే దానినే పాటించాలి. పిస్టన్‌కూ గోడకూ మధ్య ఉండే సందు విషయానికి వస్తే, సిలికాన్ తక్కువగా ఉండే 2618 రకం అల్యూమినియం మిశ్రమంతో చేసిన ఫోర్జ్‌డ్ పిస్టన్ వేడికి ఎక్కువగా వ్యాకోచిస్తుంది కాబట్టి దానికి ఎక్కువ సందు వదలాలి. చల్లగా ఉన్నప్పుడు ఆ పిస్టన్ సిలిండరులో కాస్త ఊగుతూ కదులుతుంది, రింగులు గోడకు సమంగా ఆనవు, ఆ కాసేపు ఆయిల్ పైకి పోతుంది. మరొక కారణం కంటికి ఏమాత్రం కనిపించదు. లేత్ షాపులో విడిగా నిలబెట్టి హోనింగ్ చేసిన సిలిండరు గుండ్రంగానే ఉంటుంది, హెడ్ (సిలిండరు పైమూత) వేసి స్టడ్‌లు బిగించగానే కొద్ది మైక్రాన్లు వంకర పోతుంది. హెడ్‌కు బదులు మందపాటి ఇనుప పలకను అదే టార్క్‌తో బిగించి హోనింగ్ చేసే పద్ధతి అందుకోసమే పుట్టింది. బోరు కోసి కోసి గోడ పలుచబడిన సిలిండర్లకు ఇది తప్పనిసరి అని నా అభిప్రాయం.

రెండవ దారి వాల్వ్ గైడ్లు, అంటే వాల్వుల కాడలు కదిలే గొట్టాలు. పనితీరు పెంచే మార్పులో భాగంగా ఎక్కువ లిఫ్ట్ ఉన్న, అంటే వాల్వును ఎక్కువ దూరం తెరిచే క్యామ్ కూడా వేసి ఉంటే దీనిని తప్పక అనుమానించాలి. వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు స్ప్రింగును పట్టి ఉంచే రిటైనర్ గైడు మీది ఆయిల్ సీల్‌కు చాలా దగ్గరగా వస్తుంది. ఆ రెండింటి మధ్య కనీసం ఒక మిల్లీమీటరుకు పైగా ఖాళీ మిగలాలి; మిగలకపోతే రిటైనర్ ప్రతిసారీ సీల్‌ను కొడుతూ కొద్దికాలంలోనే దానిని చీల్చేస్తుంది. రాత్రంతా నిలిపిన బండిని ఉదయం స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలం పొగ వచ్చి తగ్గిపోవడం గైడ్ల లక్షణం, ఎందుకంటే నిలిచిన ఆయిల్ కాడ వెంట మెల్లగా లోపలికి దిగి ఉంటుంది. అరకు ఘాట్ లాంటి దారిలో థ్రాటిల్ మూసి చాలాసేపు దిగి, కింద మళ్లీ తెరిచినప్పుడు వచ్చే పొగ కూడా ఎక్కువగా ఇన్‌టేక్ (గాలి, పెట్రోలు లోపలికి వచ్చే వైపు) గైడునే చూపుతుంది, అయితే ఆ శూన్యపు పీల్పుకు బలహీనమైన ఆయిల్ రింగు కూడా లొంగుతుంది కాబట్టి ఇదొక్కటే సాక్ష్యంగా సరిపోదు. బరువు మీద లాగుతున్నంతసేపూ పొగ వస్తుంటే మాత్రం రింగుల వైపే చూడాలి. నడిపేవారికి ఇవేవీ కనిపించవు, వెనుక మరో బండి మీద వచ్చేవారు గమనించి చెప్పాలి. నల్లటి పొగ వస్తే అది పెట్రోలు ఎక్కువై వచ్చేదే తప్ప ఆయిల్ పొగ కాదు.

ఇక మూడవ దారి బ్రీతర్, అంటే క్రాంక్‌కేసులోని గాలి బయటికి పోయే గొట్టం. ఒకే సిలిండరు ఉన్న ఇంజినులో పిస్టన్ దిగినప్పుడల్లా దాని కింద ఉన్న గాలి నలుగుతుంది, పైకి పోయినప్పుడల్లా సాగుతుంది. క్రాంక్‌కేసు కమ్మరి కొలిమి తిత్తిలా పనిచేస్తుంది. 346 సీసీ ఇంజినులో ఒక్కో చుట్టుకు 346 ఘన సెంటీమీటర్ల గాలి ఇలా కదిలితే, 499 సీసీకి మార్చాక అదే క్రాంక్‌కేసులో, అదే సన్నని గొట్టం ముందు, 44 శాతం ఎక్కువ గాలి కదులుతుంది. నిమిషానికి 4,000 చుట్ల వేగంలో ఇది సెకనుకు దాదాపు 67 సార్లు జరుగుతుంది. గొట్టంలో గాలి వేగం పెరిగేకొద్దీ అది మోసుకుపోగల ఆయిల్ తుంపర కూడా పెరుగుతుంది. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్లలో బాతు ముక్కు ఆకారపు రబ్బరు వాల్వ్ ఒకటి ఉండేది. అది గాలిని బయటికి పోనిచ్చి, తిరిగి లోపలికి రాకుండా ఆపి, క్రాంక్‌కేసులో ఒత్తిడిని బయటి గాలి కన్నా తక్కువగా ఉంచేది. అలాంటి వాల్వ్ గట్టిపడినా, గొట్టం ఎక్కడైనా మడత పడినా ఒత్తిడి లోపలే నిలిచి ఆయిల్‌ను గాస్కెట్ల గుండా బయటికి, రింగుల పక్కగా పైకి నెడుతుంది. గొట్టం ఎయిర్ ఫిల్టర్ పెట్టెలోకి పోయే బండ్లలో ఆ తుంపర ఇంజిన్‌లోకే తిరిగి పోయి కాలిపోతుంది, పొగగా బయటపడుతుంది. ఆ పొగ నేరం రింగుల మీద పడుతుంది. దీనికి తోడు ఆయిల్ తగ్గుతోందన్న భయంతో గుర్తు దాటి పోసేవారున్నారు. మట్టం పెరిగితే తిరుగుతున్న క్రాంకు ఆయిల్‌ను మరింత చిలికి తుంపర చేస్తుంది, బ్రీతర్ మరింత మోసుకుపోతుంది.

ఇంజిన్ విప్పకుండానే ఈ దారిని పరీక్షించవచ్చు. బ్రీతర్ గొట్టాన్ని ఫిల్టర్ పెట్టె నుంచి తీసి, పెట్టె రంధ్రాన్ని మూసి, గొట్టం కొసను పారదర్శకమైన సీసాలోకి దించి, గాలి బయటికి పోయేలా సీసా మూతికి మరో రంధ్రం వదిలి, ఫ్రేముకు కట్టి, 300 కిలోమీటర్లు తిరగాలి. సీసాలో చేరింది మజ్జిగలా తెల్లగా ఉంటే అందులో నీరు ఉన్నట్టు. ఒక రోజు కదపకుండా ఉంచితే నీరు అడుగుకు దిగుతుంది, పైన తేలిన ఆయిల్‌ను మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి. తగ్గిన ఆయిల్‌లో ఎక్కువ భాగం సీసాలోనే దొరికితే సమస్య బ్రీతర్ దారిదని తేలుతుంది. అయినా రింగులు నిర్దోషులని వెంటనే అనలేం, ఎందుకంటే రింగుల పక్కనుంచి దహన వాయువు ఎక్కువగా కిందికి జారుతున్నా ఆ గాలి కూడా బ్రీతర్ గుండానే పోవాలి.

ఆ సందేహం తీర్చేది లీక్‌డౌన్ పరీక్ష. పిస్టన్‌ను దహనపు స్థానంలో పైన నిలిపి, క్రాంకు తిరగకుండా పట్టి, ప్లగ్గు రంధ్రం గుండా కంప్రెసర్ గాలిని 100 పీఎస్‌ఐ ఒత్తిడితో పంపి, ఎంత శాతం జారిపోతోందో గేజ్‌లో చూస్తారు. పది శాతం లోపు ఉంటే బాగున్నట్టు, ఇరవై దాటితే ఆలోచించవలసినట్టు అన్నది మెకానిక్‌ల స్థూలమైన అంచనా. గేజ్ కన్నా చెవే ఎక్కువ చెబుతుంది: ఆయిల్ పోసే మూత తీసి వింటే బుస్సుమంటే రింగులు, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, కార్బురేటర్ లేదా థ్రాటిల్ బాడీ వైపు వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వ్. ఇంజినును తిప్పి సిలిండరులో ఒత్తిడిని కొలిచే మామూలు కంప్రెషన్ పరీక్షను నేను అంతగా నమ్మను. స్టార్ట్ చేసేటప్పుడు ఒత్తిడిని కొంత వదిలే ఆటో డీకంప్రెసర్ ఉన్న ఇంజినులో అది తక్కువ చూపుతుంది, పిస్టన్ మీద ఆయిల్ నిలిచిన ఇంజినులో ఆ ఆయిలే సందులు మూసి ఎక్కువ చూపుతుంది. ఈ రెండు పరీక్షలూ పట్టుకోలేనిది కింది ఆయిల్ రింగును. అది ఒత్తిడిని ఆపదు కాబట్టి పూర్తిగా పాడైనా గేజ్‌లో తేడా రాదు.

అందుకని చివరి సాక్ష్యం పిస్టన్ తల మీద చూడాలి. ప్లగ్గు రంధ్రం గుండా సన్నని కెమెరా దించితే హెడ్ తీయకుండానే కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజినులో తలంతా పొడిగా, మసి రంగులో ఉంటుంది. రింగుల పక్కనుంచి ఆయిల్ పైకి వస్తుంటే అంచు చుట్టూ ఒక పట్టీలా మసి కడుక్కుపోయి, తడిసిన అల్యూమినియం మెరుస్తూ ఉంటుంది. మధ్యలో మాత్రం మసి అలాగే ఉంటుంది. కడుక్కుపోయిన చోటు ఇన్‌టేక్ వాల్వ్ వైపుకే పరిమితమై, ఆ వాల్వ్ వీపు మీద మందంగా మసి పేరుకుని ఉంటే ఆయిల్ గైడు నుంచి దిగుతోందని అర్థం. ప్లగ్గు మీద ఒక పక్కనే పేరుకున్న బూడిద కూడా ఇదే కథ చెబుతుంది.

కారణం తేలాక జాప్యం చేయకూడదు. దహనగదిలోకి చేరిన ఆయిల్ పెట్రోలుకున్న నాకింగ్‌ను (మిశ్రమం అదుపు తప్పి పేలడాన్ని) తట్టుకునే శక్తిని తగ్గిస్తుంది. కంప్రెషన్ పెంచిన ఇంజిన్ ముందే ఆ అంచున ఉంటుంది. నాకింగ్ మొదలైతే రింగుల మధ్య ఉండే పిస్టన్ గట్లు విరుగుతాయి, గట్టు విరిగితే ఆయిల్ మరింత పైకి వస్తుంది. మన వేసవిలో గాలితో చల్లబడే ఇంజిన్‌కు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. బ్రీతర్ లోపమైతే లోపలి వ్యాసం ఎక్కువ ఉన్న గొట్టం, పనిచేసే ఏకదిశ వాల్వ్, ఆయిల్‌ను వేరుచేసే చిన్న డబ్బా సరిపోతాయి. గైడ్లదైతే హెడ్ తీస్తే చాలు, సిలిండరును కదపనక్కరలేదు. గోడ నున్నబడితే, ఇనుప లైనర్ అయిన పక్షంలో, మళ్లీ సన్నగా హోనింగ్ చేసి, సబ్బు నీళ్లతో తెల్లటి గుడ్డకు మరక అంటనంత వరకు కడిగి, కొత్త రింగులు వేయాలి. హోనింగ్ రాతి పొడి కిరోసిన్‌తో పోదు, గీతల్లో ఉండిపోయి కొత్త రింగులను త్వరగా అరగదీస్తుంది. నికాసిల్ (నికెల్, సిలికాన్ కార్బైడ్) పూత ఉన్న బోరైతే మామూలు హోనింగ్ రాయిని దానికి తాకించకూడదు.