చచ్చిన పైన్ చెట్టులో ఎవరెవరు కాపురముంటారు

విదేశాల నుంచి వచ్చిన పైన్ దుంగను టింబర్ డిపోలో అడ్డంగా కోసినప్పుడు ఒక్కోసారి నడిమి చేవ శుభ్రంగానే ఉంటుంది. దాని చుట్టూ ఉండే తెల్ల చెక్కలో మాత్రం, బయటి నుంచి లోపలికి సన్నబడుతూ నీలి చారలు కనిపిస్తాయి. చాలామంది కుళ్లిందనుకుంటారు. కుళ్లలేదు. అది బూజు, దాని పోగుల్లోని మెలనిన్ అనే ముదురు రంగు పదార్థం వల్ల ఆ రంగు. కర్రలో మిగిలిన చక్కెరలు, కొవ్వులే దాని తిండి. కర్రకు బలాన్నిచ్చే సెల్యులోజ్, లిగ్నిన్‌ల జోలికి దాదాపు పోదు.

కానీ కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఈ జాతి బూజులే అడవుల్ని ఎండగట్టాయి. 1990లలో మొదలై విజృంభించిన మౌంటెన్ పైన్ బీటిల్ అనే పురుగు తెగులు అక్కడ 1.8 కోట్ల హెక్టార్లకు పైగా అడవిని తాకింది. పురుగు బియ్యపు గింజంత. నోటి దగ్గర చిన్న సంచుల్లో బూజు బీజాల్ని మోసుకొస్తుంది. అది బెరడు తొలవగానే చెట్టు బంక కార్చి తరిమేయాలని చూస్తుంది. ఆ బంకలోని టెర్పీన్లు చాలా బూజులకు విషం. గ్రోస్మానియా క్లావిజెరా అనే బూజు మాత్రం వాటిని తట్టుకుంటుంది, కొన్నిటిని తిండిగా కూడా వాడుకుంటుంది! అది నీళ్లు మోసే తెల్ల చెక్కలోకి పాకాక చెట్టుకు పైకి నీరందదు. మరుసటి ఏడాదికి ఆకులు ఎర్రబడతాయి, ఆపైన రాలిపోతాయి. బెరడు కింద నత్రజని తక్కువ కాబట్టి పురుగు పిల్లలకు ఆ బూజే బలమైన ఆహారం. ఈ పురుగే ఓఫియోస్టోమా మోంటియం అనే మరో బూజునూ మోస్తుంది. మొదటిది చలికి ఓర్చేది, రెండోది వేడిని ఇష్టపడేది. ఏ ఏడాది ఎవరిది పైచేయి అన్నది వాతావరణం తేలుస్తుంది.

చెట్టు చచ్చాక వెంటనే కుళ్లుతుందనుకుంటాం. పొడి ప్రాంతాల్లో నిలబడి ఉన్న మాను ఎండి గట్టిపడుతుంది. కర్రలో తేమ 20 శాతం కంటే తగ్గితే కుళ్లబెట్టే బూజులకు పని సాగదు. వేళ్లు పుచ్చి మాను నేలకొరిగి, మట్టి తేమ తగిలాకే వాటి వంతు వస్తుంది. వాటిలో ఎర్ర పట్టీతో అరలా పెరిగే ఫోమిటోప్సిస్ ఒకటి. అది సెల్యులోజ్ తినేసి లిగ్నిన్‌ను వదిలేస్తుంది.

మట్టిలో జరిగేదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. బతికున్న వేళ్లతో చక్కెర పంచుకునే బూజులు చెట్టుతోపాటే పస్తులుంటాయి. అలా చచ్చిన తోపుల మట్టి బూజులతో పెంచిన పైన్ మొలకలు సరిగా ఎదగలేదని కెనడాలోనే ఉన్న ఆల్బెర్టాలో చేసిన పరిశోధనల్లో తేలింది. అందుకే ఎండిన మాన్లన్నిటినీ నరికి తరలించడం నాకు తప్పనిపిస్తుంది. ఏళ్ల తరబడి పుచ్చిన దుంగను కాలితో తడితే గోధుమరంగు ఘనాలుగా విడిపోతుంది. ఎండాకాలంలో కూడా గుప్పిట్లో పిండితే తడి తగులుతుంది. ఆ ముక్కల సందుల్లోకే పక్కనున్న లేత పైన్ వేళ్లు, వాటిని అంటుకున్న తెల్లటి బూజు పోగులు చొచ్చుకుపోతాయి.