బిర్యానీలో పట్టుచీర

మొన్నొక పెళ్లిలో బిర్యానీ డేగిసా మూత తీయగానే నాకు పట్టుచీర గుర్తొచ్చింది. నవ్వకండి, అందులో చల్లింది కేవ్డా వాటర్, అంటే మన మొగలిపువ్వు నీళ్లే.

అమలాపురం దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో కాలవగట్టు పొడుగునా మొగలి పొదలుండేవి, పాములుంటాయని పిల్లల్ని అటు పోనిచ్చేవారు కాదు. ఆ రేకుల్ని అమ్మమ్మ ట్రంకు పెట్టెలో చీర మడతల మధ్య పెట్టేది. మూత ఎత్తితే ముందు కలరా ఉండల ఘాటు, దాని వెనకాలే తియ్యగా మొగలి. రేకు ఎండి తాటాకు ముక్కలా పెళుసైపోయినా వాసన మాత్రం పోయేది కాదు.

అసలు అది పువ్వు రేకు కూడా కాదు, పూలగుత్తిని కప్పే ఆకు. మొగలిలో ఆడ, మగ చెట్లు వేరు, ఘుమఘుమలాడేది మగచెట్టు పువ్వే, ఆడచెట్టుకి అనాసలాంటి కాయ కాస్తుంది. ఒడిశాలోని గంజాం జిల్లాలో ఈ పూలని రాగి పాత్రల్లో నీళ్లతో మరిగించి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి పట్టి అత్తరు చేస్తారు. గంధంలోని శాంటలాల్ అణువులు బరువు, తొందరగా ఎగిరిపోవు, తేలికైన పూల వాసనని కూడా పట్టి ఉంచి మెల్లగా వదులుతాయి.

సరే, మరి నా బుర్రలో అదెలా నిలిచింది? చూసిందీ విన్నదీ మెదడు పైపొరకి చేరాలంటే థాలమస్ అనే లాకు దాటాలి, మన కాలవల్లో పడవలు ఆగినట్టే. వాసనకి ఆ లాకు లేదు. ముక్కులో దాదాపు 400 రకాల గ్రాహకాలున్నాయి (వీటి జన్యువుల్ని 1991లో బయటపెట్టిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకి 2004లో నోబెల్ వచ్చింది), అవి పట్టిన కబురు ఉద్వేగాల్ని చూసే అమిగ్డాలాకి సూటిగా, జ్ఞాపకాల్ని అల్లే హిప్పోక్యాంపస్‌కి బాగా దగ్గరి దారిలో వెళ్తుంది. ఫొటో చూస్తే గుర్తొచ్చేవి ఎక్కువగా పడుచు వయసు సంగతులైతే, వాసనకి లేచేవి చాలావరకు పదేళ్లలోపు నాటివని పరిశోధనల్లో తేలింది. నా లెక్క సరిగ్గా అక్కడే ఉంది, ఆరేడేళ్లు.

ఈ సంక్రాంతికి వెళ్లినప్పుడు పెట్టె తీశాను. అడుగున ఒక రేకు ఇంకా ఉంది. మా అబ్బాయి ముక్కు దగ్గర పెడితే గట్టిగా పీల్చి, "బిర్యానీ!" అన్నాడు.