రాబిన్సన్ పక్కన నిలబడ్డ కుర్రాడు: డంకన్ పవర్ ఫార్వర్డా, సెంటరా?

బాస్కెట్‌బాల్ చరిత్రలో అందరికంటే గొప్ప పవర్ ఫార్వర్డ్ (బుట్ట దగ్గరే ఆడే సెంటర్ పక్కన కాస్త బయటగా ఆడే పొడవాటి ఆటగాడు) ఎవరన్న గొడవ కొన్నేళ్లకోసారి లేచి సద్దుమణుగుతుంటుంది. ఈమధ్య అది లేచినప్పుడల్లా గియానిస్ అంటెటోకూంపో పేరుతోనే లేస్తోంది. 2019 నుంచి 2025 వరకు వరుసగా ఏడేళ్లు ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) ఏటా ఎంపిక చేసే అత్యుత్తమ ఐదుగురి జట్టులో ఉన్న ఆటగాడు కాబట్టి అభిమానులు ఆయన్ని శిఖరం మీద చూడాలనుకోవడం సహజమే. అయితే శాన్ ఆంటోనియో స్పర్స్ మాజీ ఆటగాడు టిమ్ డంకన్‌ని దాటకుండా ఆ శిఖరం చేరడం కుదరదు. అందుకే ఈసారి వాదన కొత్త మలుపు తీసుకుంది. డంకన్ అసలు పవర్ ఫార్వర్డే కాదని, సెంటర్ అని, ఆయన్ని ఈ పోటీలోంచే తీసేయాలని అంటున్నారు.

  ఈ గొడవ మూలం ఒక్క రోజులో ఉంది. అది 1997 మే 18.

ఆ రోజు ఎన్‌బీఏ డ్రాఫ్ట్ లాటరీ తీశారు. కొత్త ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకోవడం డ్రాఫ్ట్; వెనకబడ్డ జట్లలో ముందు వంతులు (పిక్‌లు) ఎవరికో తేల్చేది లాటరీ. అప్పటికి డంకన్ వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీలో నాలుగేళ్లు పూర్తి చేశాడు. కాలేజీలో ఆయన సెంటరే, అందులో ఎవరికీ సందేహం లేదు. ఆ ఏడాది మొదటి పిక్ ఎవరికి వస్తే వాళ్లకి డంకన్ దొరుకుతాడని అందరికీ తెలుసు. ఎక్కువ అవకాశం బోస్టన్ సెల్టిక్స్‌ది. 15 గెలుపులు, 67 ఓటములతో సీజన్ ముగించిన సెల్టిక్స్ చేతిలో డాలస్ నుంచి వచ్చిన ఇంకో పిక్ కూడా ఉంది. రెండూ కలిపితే మొదటి పిక్ దక్కే అవకాశం మూడో వంతుకు పైనే. చివరికి వాళ్లకి దక్కినవి 3, 6 నంబర్లు. మొదటి పిక్ శాన్ ఆంటోనియోకి పోయింది.

స్పర్స్ అసలు ఆ లాటరీలో ఉండాల్సిన జట్టే కాదు. అంతకుముందు ఏడాది 59 మ్యాచ్‌లు గెలిచిన జట్టు అది. 1995లో లీగ్ ఎంవీపీ (ఆ సీజన్‌కి అత్యంత విలువైన ఆటగాడు) అయిన 7 అడుగుల 1 అంగుళం డేవిడ్ రాబిన్సన్ దాని సెంటర్. 1996–97లో ఆయనకు మొదట వెన్ను పట్టేసింది, కోలుకుని వస్తే పాదం విరిగింది. సీజన్ మొత్తం మీద ఆడింది 6 మ్యాచ్‌లు. జట్టు 20 గెలిచి 62 ఓడింది. కోచ్‌ని మధ్యలోనే తీసేసి జనరల్ మేనేజర్ గ్రెగ్ పోపోవిచ్ తానే ఆ కుర్చీలో కూర్చున్నాడు.

బోస్టన్‌కి ఆ పిక్ వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించండి. సెల్టిక్స్ దగ్గర రాబిన్సన్ స్థాయి సెంటర్ లేడు. డంకన్ మొదటి రోజు నుంచీ సెంటర్‌గా ఆడేవాడు, మనం ఇప్పుడు ఈ వాదనే పెట్టుకునేవాళ్లం కాదు. శాన్ ఆంటోనియోలో మాత్రం ఆ స్థానం ఖాళీగా లేదు. 6 అడుగుల 11 అంగుళాల కుర్రాడు రాబిన్సన్ పక్కకు జరిగి నాలుగో స్థానంలో నిలబడ్డాడు. డంకన్ పవర్ ఫార్వర్డ్ అయింది అలా.

పేరుకి మాత్రమే జరిగిన మార్పు అయితే దానికి విలువ ఉండేది కాదు. కానీ ఆట నిజంగా మారింది. రాబిన్సన్ బుట్ట దగ్గర ఉంటే డంకన్ ఫ్రీ త్రో లైన్ పక్కకు, బుట్టకు ఓ వైపుగా పది పన్నెండు అడుగుల దూరానికి వచ్చి బంతి అందుకోవాలి. అక్కణ్నుంచి డిఫెండర్ని ఎదురుగా చూస్తూ బోర్డు మీద కొట్టి బంతిని బుట్టలో పడేసే షాట్, అంటే ఆయన పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే ఆ బ్యాంక్ షాట్, ఆ దూరం వల్లే ఆయన ప్రధాన ఆయుధమైంది. మధ్యలోనే ఉండిపోయే సెంటర్‌కి ఆ కోణం అంత తరచుగా దొరకదు. డిఫెన్స్‌లో కూడా ఎదుటి జట్టు ఫార్వర్డ్‌ల వెంట తిరగాల్సిన బాధ్యత కొత్త కుర్రాడి మీదే ఎక్కువగా పడింది.

ఇందులో రాబిన్సన్ పాత్ర గురించి ఎవరూ తగినంత మాట్లాడరని నాకు ఎప్పటినుంచో బాధ. 1993–94లో సగటున 29.8 పాయింట్లు కొట్టి, ఆ సీజన్ చివరి రోజున ఒక్క మ్యాచ్‌లోనే 71 చేసిన మనిషి ఆయన. అలాంటివాడు 21 ఏళ్ల కుర్రాడికి దాడి అప్పగించి, తాను డిఫెన్స్, రీబౌండ్ల (గురి తప్పిన బంతిని అందుకోవడం) పని చూసుకున్నాడు. జట్టు ఆయనది, ఊరు ఆయనది. ఆ పెద్దరికం లేకపోతే ఇద్దరు పొడవాటి ఆటగాళ్ల కూటమి రెండేళ్లలో టైటిల్ దాకా వెళ్లేది కాదు.

1998లో, ఇంకా మొదటి సీజన్‌లోనే, డంకన్ అత్యుత్తమ ఐదుగురి జట్టులో ఫార్వర్డ్‌గా చోటు సంపాదించాడు. ఆ జట్టులో రెండో ఫార్వర్డ్ యూటా జాజ్ ఆటగాడు కార్ల్ మలోన్. 1999లోనూ ఆ ఇద్దరే. 1999లో ఎంవీపీ మలోన్‌కి వెళ్తే, టైటిల్, ఫైనల్స్ ఎంవీపీ డంకన్‌కి వచ్చాయి. గొప్ప పవర్ ఫార్వర్డ్ పోటీలో మలోన్ లెక్క చిన్నది కాదు: 36,928 పాయింట్లు, రెండు ఎంవీపీలు. ఆయనకు టైటిల్ ఒక్కటీ లేదు. 1997, 1998 ఫైనల్స్‌లో చికాగో బుల్స్ ఆటగాడు మైకేల్ జోర్డాన్ అడ్డుపడ్డాడు. 1993లో మరో పవర్ ఫార్వర్డ్ చార్లెస్ బార్క్‌లీకి జరిగింది కూడా అదే.

ఇంకో పోటీదారు కెవిన్ గార్నెట్‌కి సరైన జట్టు దొరకలేదన్న ఆయన అభిమానుల వాదనలో మాత్రం నిజమైన నొప్పి ఉంది. ఆయన జట్టు మిన్నెసోటా టింబర్‌వుల్వ్స్ యాజమాన్యం జో స్మిత్ అనే ఆటగాడితో రహస్య ఒప్పందం చేసుకుని 2000లో దొరికిపోయింది. లీగ్ ఐదు మొదటి రౌండ్ పిక్‌లు లాగేసుకుంది. తర్వాత కొన్ని తిరిగిచ్చినా ఆ జట్టు మళ్లీ నిలదొక్కుకోలేదు. ఆ మధ్యలో 2004లో గార్నెట్ ఎంవీపీ అయ్యాడు. 2007లో బోస్టన్ వెళ్లి మొదటి సీజన్‌లోనే, 2008లో, టైటిల్ గెలిచాడు. మంచి జట్టు ముందే దొరికి ఉంటే అన్న ప్రశ్న న్యాయమైనదే. అయినా 1999, 2001 ప్లేఆఫ్‌లలో (టైటిల్ కోసం సీజన్ చివర జరిగే నాకౌట్ సిరీస్‌లు) గార్నెట్, డంకన్ ఎదురుపడ్డప్పుడు రెండుసార్లూ 3–1తో గెలిచింది స్పర్స్.

ఇక డాలస్ మావరిక్స్ ఫార్వర్డ్ డర్క్ నోవిట్జ్కీ. డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోల్లో పెరిగిన తెలుగు పిల్లల దగ్గర ఈ మాట ఎత్తితే డంకన్ పేరు ముందు చెప్పించడం కష్టం. 2006 ప్లేఆఫ్‌లలో ఏడో మ్యాచ్ చివర్లో స్పర్స్ మూడు పాయింట్ల ముందంజలో ఉండగా డర్క్ బుట్టలోకి దూసుకెళ్లి స్కోర్ చేసి, ఫౌల్ కూడా సంపాదించి, ఫ్రీ త్రోతో స్కోరు సమం చేశాడు. ఓవర్‌టైమ్‌లో డాలస్ గెలిచింది. ఆ రాత్రి డంకన్ 41 పాయింట్లు చేసి కూడా ఓడిపోయాడు. 2011లో డర్క్ టైటిల్ గెలిచాడు. మూడు పాయింట్ల గీత దగ్గర్నుంచి షాట్ వేసే ఏడడుగుల ఫార్వర్డ్ లీగ్‌లో మామూలు విషయం కావడానికి ఆయనే పెద్ద కారణం. పాత తరహా పవర్ ఫార్వర్డ్‌లకు చోటు తగ్గడం అక్కణ్నుంచే ఊపందుకుంది.

రాబిన్సన్ 2003లో రిటైరయ్యాడు. చివరి మ్యాచ్ న్యూజెర్సీ నెట్స్ మీద ఫైనల్స్ ఆరో మ్యాచ్. ఆయన 13 పాయింట్లు, 17 రీబౌండ్లు చేశాడు. పక్కన డంకన్ 21 పాయింట్లు, 20 రీబౌండ్లు, 10 అసిస్ట్‌లు (సహచరుడి స్కోర్‌కి దారితీసిన పాస్‌లు), 8 బ్లాక్‌లు (ఎదుటివాళ్ల షాట్లు అడ్డుకోవడం). డంకన్ సెంటర్ అనేవాళ్లు ఈ మ్యాచ్‌ని పక్కనపెట్టి, దీని తర్వాతి సంవత్సరాల నుంచే లెక్క మొదలుపెడతారు. అప్పుడు కూడా స్పర్స్ ఆయన పక్కన నెస్టరోవిచ్, నాజర్ మొహమ్మద్, ఒబెర్టో లాంటి సెంటర్లను నిలబెడుతూనే వచ్చింది. 2005, 2007 టైటిళ్లు అలా వచ్చినవే.

సెంటర్ వాదానికి అసలు ఆధారం 2013. ఆ ఏడాది 37 ఏళ్ల డంకన్‌ని అత్యుత్తమ ఐదుగురిలో సెంటర్‌గా ఎంపిక చేశారు. ఆయన ఆ ఐదుగురిలో, అంటే మొదటి జట్టులో, ఉన్నది మొత్తం పదిసార్లు. తొమ్మిదిసార్లు ఫార్వర్డ్, ఒక్కసారి సెంటర్. 2014 ఫైనల్స్‌లో మూడో మ్యాచ్ నుంచి టియాగో స్ప్లిటర్ బదులు బోరిస్ డియావ్‌ని దింపడంతో డంకన్ ఆచరణలో సెంటర్‌గానే ఆడాడు, ఆ టైటిల్ అలాగే గెలిచాడు. ఇది దాచాల్సిన సంగతి కాదు. లీగ్ మొత్తం ఎత్తు తక్కువ ఆటగాళ్లతో ఆడే పద్ధతి వైపు మళ్లింది. అందరూ బయటినుంచి షాట్లు వేస్తుంటే పొడవైన పాత ఫార్వర్డ్ ఒక మెట్టు లోపలికి జరిగాడు. 2015లో మళ్లీ మూడో జట్టులోకి (అత్యుత్తముల్లో మూడో ఐదుగురు) తీసుకున్నప్పుడు ఆయన పేరు పక్కన ఫార్వర్డ్ అనే రాశారు. చివరి మూడు నాలుగేళ్ల సర్దుబాటును తెచ్చి పంతొమ్మిది సీజన్ల మీద కప్పడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

గియానిస్ అభిమానులు ఇంకో విషయం కూడా ఆలోచించాలి. 2018 వేసవిలో మిల్వాకీ బక్స్‌కి మైక్ బుడెన్‌హోల్జర్ కోచ్‌గా వచ్చాడు. పోపోవిచ్ దగ్గర 1996 నుంచి 2013 వరకు అసిస్టెంట్ కోచ్‌గా చేసినవాడు ఆయన. అదే వేసవిలో బ్రూక్ లోపెజ్ సెంటర్‌గా చేరాడు. దాడిలో లోపెజ్ మూడు పాయింట్ల గీత బయట నిలబడేవాడు, ఖాళీ అయిన లోపలి చోటంతా గియానిస్‌దే అయ్యేది. డిఫెన్స్‌లో లోపెజ్ బుట్ట కాసేవాడు, గియానిస్ స్వేచ్ఛగా తిరిగి సాయం చేసేవాడు. ఆ సీజన్‌లోనే గియానిస్ మొదటి ఎంవీపీ గెలిచాడు. 2021 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో 50 పాయింట్లు కొట్టి మిల్వాకీకి 1971 తర్వాత తొలి టైటిల్ తెచ్చాడు. అప్పుడు కూడా జట్టు సెంటర్ లోపెజే. పక్కనున్న సెంటర్ వల్లే డంకన్‌కి పవర్ ఫార్వర్డ్ అన్న పేరు వచ్చింది కాబట్టి అది చెల్లదంటే, గియానిస్ సంగతి కూడా అంతే అవుతుంది.

2013 నుంచి ఆల్ స్టార్ (లీగ్ మేటి ఆటగాళ్ల ప్రదర్శన మ్యాచ్) ఓటింగ్‌లో సెంటర్ అనే గడి తీసేసి, ఫార్వర్డ్‌లతో చేర్చి ఫ్రంట్‌కోర్ట్ అని కలిపేశారు. 2023–24 నుంచి అత్యుత్తమ జట్ల ఎంపికలో కూడా స్థానాలు లేవు. గియానిస్ తాజాగా రెండుసార్లు మొదటి జట్టులోకి వచ్చింది ఆ కొత్త పద్ధతిలోనే. ఆ రెండు ఎంపికల్లో ఆయన పేరు పక్కన ఫార్వర్డ్ అనీ లేదు, సెంటర్ అనీ లేదు.