‘పని అయిందా?’ నుంచి ‘ఎక్కడున్నావు?’ దాకా: వర్క్ ఫ్రమ్ హోమ్ గొడవ వెనక కథ

పాత కార్మిక చట్టాల బదులు తెచ్చిన కొత్త లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చాయి. సేవా రంగంలో పరస్పర అంగీకారంతో ఇంటి నుంచి పని చేసుకోవచ్చని కేంద్రం అప్పుడే చెప్పింది. సరిగ్గా రెండు వారాలకు, డిసెంబర్ 5న, ఎంపీ సుప్రియా సూలే లోక్‌సభలో ‘రైట్ టు డిస్‌కనెక్ట్’ ప్రైవేటు బిల్లు (ప్రభుత్వం కాకుండా ఎంపీ సొంతంగా తెచ్చేది) పెట్టారు. డ్యూటీ టైమ్ దాటాక ఆఫీసు కాల్‌కు, మెయిల్‌కు జవాబివ్వకుండా ఉండే హక్కు ఉద్యోగికి ఉండాలన్నది దాని సారం. దాంతో పాత పంచాయితీ మళ్లీ మొదలైంది. ఇంట్లో కూర్చుంటే పని జరగదని మేనేజ్‌మెంట్లు, జరిగే పనికి హద్దే లేదని ఉద్యోగులు.

కరోనా, లాక్‌డౌన్, రాత్రికి రాత్రి ఇళ్లకు చేరిన లాప్‌టాప్‌లు అందరం చూసినవే. ఆ భాగం వదిలేద్దాం. ఇవాళ్టి గొడవ మూలం వెతకాల్సింది 2022 ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా నడిచిన మూడు నెలల్లో.

ఆ ఆగస్టు మొదట్లో స్విగ్గీ, తమ ఉద్యోగులు కొన్ని షరతులకు లోబడి బయట వేరే పని చేసుకోవచ్చని పాలసీ ప్రకటించింది. అదే నెల 20న విప్రో చైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ ట్విట్టర్‌లో, ఐటీ ఉద్యోగులు ఇలా రెండో పని చేయడం పచ్చి మోసమని రాశారు. సెప్టెంబర్‌లో ఇన్ఫోసిస్ నుంచి ఉద్యోగులకు హెచ్చరిక మెయిల్ వెళ్లింది. సెప్టెంబర్ 21న ఒక సభలో ప్రేమ్‌జీ, పోటీ కంపెనీలకు కూడా పని చేస్తున్న 300 మందిని గుర్తించి తీసేశామని చెప్పారు. మూన్‌లైటింగ్ (ఉద్యోగంలో ఉంటూ బయట రెండో పని చేయడం) అనే మాట అప్పటిదాకా వినని ఇళ్లలో కూడా ఆ వారం అదే చర్చ. పీఎఫ్ ఖాతాలో రెండు కంపెనీల జమలు కనబడితే దొరికిపోతారట అన్న మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో తిరగనిచోటు లేదు.

అప్పటికి విప్రోలో ఉన్నది రెండున్నర లక్షల మందికి పైగా. అందులో 300 అంటే వెయ్యికి ఒకరు కాస్త అటూ ఇటూ. ఒకేసారి రెండు పోటీ కంపెనీల జీతం తీసుకోవడం తప్పే, ఉద్యోగుల వైపు వాళ్లు కూడా దాన్ని వెనకేసుకురాలేదు. అప్పటి కేంద్ర సహాయ మంత్రి రాజీవ్ చంద్రశేఖర్ మాత్రం, ఉద్యోగులను ఇలా కట్టిపడేసే రోజులు పోయాయని ఆ వారమే అన్నారు. అక్టోబర్ వచ్చేసరికి ఇన్ఫోసిస్ కూడా మేనేజర్ అనుమతితో బయట చిన్న పనులు చేసుకోవచ్చని మెత్తబడింది. గొడవ అక్కడితో చల్లారినట్టే కనిపించింది.

కానీ ఆ వెయ్యిలో ఒక్కరి లెక్క మిగతా 999 మందికి అంటుకుంది. అంతకు ముందు రెండేళ్లూ మేనేజర్ అడిగింది ‘పని అయిందా’ అని. ఆ సెప్టెంబర్ తర్వాత అడగడం మొదలైంది ‘ఆ టైమ్‌లో ఎక్కడున్నావు’ అని. ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే వీపీఎన్‌లో ఎప్పుడు లాగిన్ అయ్యారు, ఆఫీసు చాట్ యాప్ టీమ్స్‌లో మనిషి ఉన్నట్టు చూపే పచ్చ చుక్క ఎంతసేపు వెలిగింది, లేనట్టు చూపే పసుపు రంగుకు ఎన్నిసార్లు మారింది అన్నది సమీక్షల్లోకి వచ్చింది. వంటింట్లోకి వెళ్లి కుక్కర్ దించి వచ్చేలోపు చుక్క పసుపైపోతుందన్న టెన్షన్ చాలామందికి అప్పుడే పట్టుకుంది. మౌస్‌ను దానంతటదే కదిలించే చిన్న పరికరాలు ఆన్‌లైన్‌లో అమ్ముడుపోతున్నాయంటే ఊరికే కాదు. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు 2024లో పదిమందికి పైగా ఉద్యోగులను ఇలా కీబోర్డు కదలికలను నటించారన్న కారణంతోనే తీసేసింది.

ఉద్యోగులు చెప్పే ఇంకో మాట కూడా ఆ రోజులకే తగులుతుంది. 2022 జూన్ త్రైమాసికంలో ఇన్ఫోసిస్ నుంచి వెళ్లిపోతున్నవాళ్ల రేటు 28.4 శాతం, టీసీఎస్‌లో 19.7 శాతం. మనుషులు దొరక్క కంపెనీలు బతిమాలుకుంటున్న కాలం అది. కరీంనగర్ నుంచో, నర్సరావుపేట నుంచో లాగిన్ అయినా ఎవరూ కిమ్మనలేదు. ఏడాది తిరిగేసరికి అమెరికా ప్రాజెక్టులు తగ్గాయి, బయట ఆఫర్లు తగ్గాయి. 2023 సెప్టెంబర్ త్రైమాసికానికి ఆ రేట్లు టీసీఎస్‌లో 14.9, ఇన్ఫోసిస్‌లో 14.6 శాతానికి దిగాయి. ఆఫీసుకు రమ్మన్న ఆదేశాలు వరసపెట్టి వచ్చింది కూడా అప్పుడే. అక్టోబర్ 1 నుంచి వారానికి ఐదు రోజులూ రావాలని టీసీఎస్, నవంబర్ నుంచి మూడు రోజులు తప్పదని విప్రో, కొన్ని స్థాయిల వాళ్లకు నెలకు పది రోజులని ఇన్ఫోసిస్. ఉత్పాదకత ఆ ఏడాదిలోనే పడిపోయిందా అని అడిగితే హెచ్ఆర్ దగ్గర సమాధానం ఉండదు. బేరం చేసే బలం చేతులు మారింది, అంతే.

టీసీఎస్ విషయం కొంచెం వివరంగా చెప్పుకోవాలి. 2025 నాటికి ఏ సమయంలోనైనా 25 శాతానికి మించి ఉద్యోగులు ఆఫీసులో ఉండనక్కర్లేదని, ఎవరైనా తమ పని సమయంలో 25 శాతం ఆఫీసులో గడిపితే చాలని 2020లో ప్రకటించింది ఈ కంపెనీయే. ఆ మాట నమ్మి సొంతూళ్లో ఒక గదికి ఏసీ పెట్టించుకుని, మంచి ఇంటర్నెట్ లైన్ వేయించుకున్నవాళ్లు ఉన్నారు. మియాపూర్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేసి, పిల్లలను ఊళ్లో బడిలో వేసినవాళ్లూ ఉన్నారు. 2024కు వచ్చేసరికి అదే సంస్థలో వేరియబుల్ పే (జీతంలో ప్రతిసారీ మారే భాగం) హాజరుతో ముడిపడింది. పత్రికల్లో వచ్చిన లెక్క ప్రకారం త్రైమాసికంలో ఆఫీసు హాజరు 60 శాతం దాటకపోతే వేరియబుల్ పే సున్నా, 85 శాతం దాటితేనే పూర్తిగా చేతికొస్తుంది. కోడ్ ఎంత బాగా రాశావన్నది ఈ పట్టికలో ఎక్కడా కనిపించదు.

విచిత్రమేమిటంటే అదే కాలంలో ప్రభుత్వ నిబంధనలు ఎదురు దిశలో నడిచాయి. కాల్ సెంటర్లు, బీపీఓల సిబ్బంది ఇంటి నుంచి పని చేయడానికి అడ్డంగా ఉన్న టెలికాం శాఖ షరతులు 2020 నవంబర్ 5న చాలావరకు తొలగిపోయాయి. సెజ్‌లలోని (ప్రత్యేక ఆర్థిక మండళ్లలోని) ఉద్యోగుల్లో సగం మందికి ఏడాది వరకు వర్క్ ఫ్రమ్ హోమ్ ఇవ్వొచ్చని 2022 జులైలో వాణిజ్య శాఖ రూల్ తెచ్చింది, డిసెంబర్ కల్లా ఆ సగం పరిమితి కూడా ఎత్తేసింది. చట్టం సడలుతున్న కొద్దీ కంపెనీ బిగించింది.

హైదరాబాద్‌కు సంబంధించి మరో ముచ్చట. 2023 జులైలో వానలు దంచికొట్టినప్పుడు ఐటీ ఆఫీసులు మూడు విడతలుగా లాగౌట్ చేయించాలని సైబరాబాద్ పోలీసులు సూచించారు. 2025 జులైలో భారీ వర్ష సూచన రాగానే వర్క్ ఫ్రమ్ హోమ్ ఇవ్వాలని కంపెనీలకు సలహా ఇచ్చారు. వాన పడ్డ రోజు ఇంట్లోంచి సాగే పని, మర్నాడు ఎండ కాస్తే ఎందుకు సాగదని ఉద్యోగులు అడిగే ప్రశ్న జోక్‌లా వినిపిస్తుంది కానీ జోక్ కాదు.

కంపెనీల వాదన కూడా ఉంది. క్లయింట్ డేటా భద్రత, కొత్తగా చేరిన ఫ్రెషర్లు సీనియర్ల పక్కన కూర్చుని నేర్చుకోవడం, టీమ్‌లో కలివిడితనం. ఫ్రెషర్ల విషయంలో వాళ్లు చెప్పేదాంట్లో నిజముంది. చెన్నైలో డేటా ఎంట్రీ పనివాళ్ల మీద జరిగిన ఒక పరిశోధనలో ఇంటి నుంచి చేసినవాళ్ల పనితనం 18 శాతం తక్కువని తేలింది, మేనేజ్‌మెంట్ల వైపు వాళ్లకు ఇది బాగా అక్కరకొచ్చే అంకె. అయితే డేటా ఎంట్రీ వేరు, సాఫ్ట్‌వేర్ వేరు.

స్టాన్‌ఫోర్డ్ ప్రొఫెసర్ నికొలస్ బ్లూమ్ బృందం చైనాలోని ట్రిప్ డాట్ కామ్‌లో 1,612 మంది మీద చేసిన పరిశీలన 2024లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి చేసినవాళ్ల పనితీరులో, ప్రమోషన్లలో తేడా రాలేదు. ఉద్యోగం మానేసేవాళ్లు మాత్రం మూడో వంతు తగ్గారు. మరో పరిశోధన ఒక పెద్ద ఆసియా ఐటీ కంపెనీలో 10 వేల మందికి పైగా నిపుణుల కంప్యూటర్ల డేటా చూసింది. కరోనా కాలంలో ఇంటి నుంచి పని చేసినప్పుడు గంటలు పెరిగాయి, పని మాత్రం పెరగలేదు. మీటింగ్‌లకు, ఒకరితో ఒకరు సమన్వయానికి పోయే సమయం పెరిగింది. ఎవరూ కదిలించకుండా ఏకధాటిగా పని చేసుకునే సమయం తగ్గింది. ఇంట్లో చిన్న పిల్లలున్నవాళ్లకు ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగిలింది. ఈ పరిశోధనను రెండు వైపులా వాడుకుంటారు. చదివితే మాత్రం తప్పు ఇంటిది కాదనిపిస్తుంది. కంటికి కనబడని మనిషిని మాటిమాటికీ కాల్‌లోకి లాగే అలవాటుది.

ఆ అలవాటు ఎలా ఉంటుందో చూడాలంటే నవంబర్ చూడాలి. న్యూయార్క్ క్లయింట్‌తో వాళ్ల ఉదయం 10 గంటల కాల్ ఎండాకాలంలో మనకు రాత్రి 7:30. నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుకోగానే అది 8:30 అవుతుంది. పిల్లలకు అన్నాలు పెట్టే టైమ్ అది. పొద్దున 9:30కి ఇక్కడి టీమ్ కాల్ మాత్రం ఎక్కడిది అక్కడే. మధ్యాహ్నం రెండు గంటలు విరామం తీసుకుని రాత్రి ఆ గంటలు కలుపుకుంటానంటే, మధ్యాహ్నం పచ్చ చుక్క లేదేమని అడుగుతారు. పొద్దున, రాత్రి రెండూ ఇచ్చి మధ్యలో కూడా కనబడాలి. టైమ్‌టేబుల్ వేసుకోండి, టేబుల్ వేరుగా పెట్టుకోండి, మధ్యమధ్య నడవండి అన్న సలహాలు మంచివే. వాటిని పాటించే చోటు ఈ రోజులో మిగలదు.

2025 మధ్యలో ఇన్ఫోసిస్ నుంచి వచ్చిన మెయిళ్ల వార్త అందుకే ఆసక్తికరం. ఇంటి నుంచి పని చేస్తూ రోజుకు సగటున 9 గంటల 15 నిమిషాలు దాటుతున్నవాళ్లకు, ఆరోగ్యం చూసుకోండి, మధ్యలో విరామం తీసుకోండి అని హెచ్ఆర్ రాసింది. వారానికి 70 గంటలు పనిచేయాలని 2023 అక్టోబర్‌లో చెప్పిన నారాయణమూర్తి పెట్టిన కంపెనీ నుంచే ఈ మెయిల్ రావడం మీద చాలా మీమ్స్ వచ్చాయి. అయితే లాగిన్ లెక్క ఆరోగ్యం కోసం కూడా వాడొచ్చని చూపించింది ఆ మెయిలే. ఇంతమంది అంత ఎక్కువ గంటలు చేస్తున్నారని కంపెనీ రికార్డులే చెబుతుంటే, ఇంట్లో పని జరగదన్న వాదన ఎలా నిలబడుతుందో మరి.

తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు రెండు పడవల మీదా కాళ్లు పెట్టాయి. ముఖ్యంగా మహిళల కోసం పెద్ద ఎత్తున వర్క్ ఫ్రమ్ హోమ్ తెస్తామని 2025 ఫిబ్రవరిలో ఏపీ ముఖ్యమంత్రి చంద్రబాబు ప్రకటించారు. అదే ఏడాది జూన్‌లో ఆ ప్రభుత్వ కేబినెట్ రోజువారీ పని గంటల పరిమితిని 9 నుంచి 10కి పెంచడానికి ఒప్పుకుంది. జులైలో తెలంగాణ కూడా వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా అనుమతించింది, వారానికి 48 దాటకూడదన్న షరతుతో. ఇంట్లో ఉన్న మనిషి 10 గంటలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో ఏ ఉత్తర్వూ చెప్పలేదు.

ఇక సూలే బిల్లు. ఇలాంటిదే ఆమె 2018 డిసెంబర్‌లోనూ పెట్టారు, ముందుకు కదల్లేదు. 1970 తర్వాత పార్లమెంటులో ఒక్క ప్రైవేటు బిల్లూ చట్టం కాలేదు కాబట్టి దీని మీద పెద్ద ఆశలు ఎవరికీ లేవు. ఫ్రాన్స్‌లో ఇలాంటి హక్కు 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి అమల్లో ఉంది.

మనకు మిగిలింది ‘పరస్పర అంగీకారం’. ఆ మాట కొత్తది కాదు. ప్రసూతి సెలవు తర్వాత తల్లి ఇంటి నుంచి పని చేసుకోవచ్చని 2017 ప్రసూతి ప్రయోజన చట్ట సవరణ చెప్పినప్పుడూ, ఇద్దరూ ఒప్పుకున్న షరతుల మీదే అంది. 2020 చివర్లో కేంద్రం విడుదల చేసిన సేవా రంగ మోడల్ స్టాండింగ్ ఆర్డర్ల (ఉద్యోగ నియమాల నమూనా) ముసాయిదా కూడా ఒప్పందం ప్రకారం యజమాని ఇంటి నుంచి పనికి అనుమతించవచ్చంది. ఎంత కాలానికన్నది మాత్రం యజమానే నిర్ణయిస్తాడని అదే వాక్యంలో చేర్చింది. ఉద్యోగి అడిగితే ఎన్ని రోజుల్లో జవాబివ్వాలి, కాదంటే కారణం రాసివ్వాలా, ఒకసారి ఇచ్చిన అనుమతి ఎంత నోటీసుతో వెనక్కి తీసుకోవచ్చు అన్నవి అందులో లేవు. ఊళ్లో ఇల్లు సర్దుకుని, రెండేళ్లకే మళ్లీ మియాపూర్‌లో అద్దె అడ్వాన్స్ కట్టినవాళ్లకు కావాల్సింది ఆ మూడో దానికి జవాబు.